బ్రేకుల్లో తప్పేం లేదు

మారేడ్‌పల్లి ఆర్థర్ కారు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. అంత తిరిగిన బండి ఒక్కసారీ రోడ్డు మీద ఆగలేదంటే ఎవరూ నమ్మరు. ఆయన చాదస్తం తెలిసినవాళ్లు మాత్రం నమ్ముతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదాయన. ఇంజన్ బెల్టు తెగక ముందే, రేడియేటర్ గొట్టం ఉబ్బక ముందే మార్పించేవాడు. "ఇంక నడుస్తది సార్, ఎందుకు పారేస్తరు?" అని మెకానిక్ రాజేందర్ మొత్తుకుంటే, "తెగినంక మారిస్తే ఏం ఫాయిదా?" అనేవాడు. రిటైరయ్యాక ఆయనకున్న పనల్లా భార్య ఎలీసబెతును మల్కాజ్‌గిరిలో ఆమె పాఠాలు చెప్పే బడి దగ్గర పొద్దున దింపడం, సాయంత్రం తీసుకురావడం.

అలాంటి మనిషి ఒక సంగతి మాత్రం భార్య దగ్గర దాచాడు. కళ్లలో నీటికాసులున్నాయనీ, పక్కల చూపు తగ్గిపోతోందనీ, ఇక బండి నడపొద్దనీ డాక్టర్ చెప్పేశాడు. ఎదురుగా ఉన్నవన్నీ చక్కగా కనబడుతుంటే ఆ డాక్టర్‌కేం తెలుసు అనుకున్నాడు మన మొండిఘటం. అసలు భయం వేరే. ఆ దింపే పని కూడా పోతే తానిక ఎందుకు పనికొస్తాడు?

ఒక సాయంత్రం ఎలీసబెతును తీసుకొస్తుంటే సీతాఫల్‌మండి మలుపులో ఎడమ వైపు నుంచి స్కూటర్ వచ్చింది. నడుపుతున్న తల్లి ముందు చిన్న పాప నిలబడి ఉంది. ఆమె కేక పెట్టింది కాబట్టి ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. ఆర్థర్ "బ్రేకులు పట్టలే" అని, మెల్లగా రాజేందర్ షెడ్డుకు పోనిచ్చాడు.

రాజేందర్ చక్రాలు విప్పి చూశాడు. మళ్లీ బిగించి, బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. "బ్రేకులల్ల ఏం తక్లీఫ్ లేదు సార్. మొన్ననే గదా కొత్తయి ఏసినం."

"జెర మళ్ల చూడు."

"మంచిగనే చూసిన సార్."

ఎలీసబెతు అడిగి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేవాడేమో. ఆ పాప ముఖం గుర్తొచ్చి ఆర్థర్ భార్యను పక్కకు పిలిచాడు. "ఆ పాప నాకు కనబడలే, ఎలీసా. బండి నడపొద్దని డాక్టర్ ఎప్పుడో చెప్పిండు. అన్నీ ముందుగాల్నే మార్చిన. నన్నొక్కన్నే మార్చలే."

ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాసేపటికి ఆయన చేయి పట్టుకుంది. "నేను నేర్చుకుంట."

నేర్చుకుంది. గేర్లను కీచుమనిపించింది, వెనకాల హారన్లు మోగించినవాళ్ల తిట్లు తింది. లైసెన్సు చేతికొచ్చాక బడికి బయలుదేరుతూ, గుమ్మంలో నిలబడ్డ భర్తను పిలిచింది. "రండి, ఒక్కదాన్నైతే భయమైతది. మీరు లోకల్ రైలుల వాపస్ రావచ్చు."

ఎడమ సీట్లో కూర్చుని ఆర్థర్ కాసేపు లేని బ్రేకు తొక్కాడు. తర్వాత ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. ఇన్నేళ్లూ పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడే గానీ, దారిలో ఆమె ముఖం చూసిందెప్పుడు? నుదుటి మీద చెమట, బిగపట్టిన పెదవులు. ఎంత ముద్దొచ్చిందో.

"నన్నేం చూస్తున్నరు? రోడ్డు చూడండి."

"రోడ్డు నువ్వు చూస్తున్నవు గదా" అన్నాడు ఆర్థర్.