రెండు నిమిషాల మౌనంలో నా పాట

ఒక మంచి స్నేహితుడి చదువు నా వేలి కింద నలిగిపోవలసింది. ఆయుధం టేప్‌రికార్డర్. నవ్వబోయే ముందు కాస్త వినండి.

అప్పట్లో నేను టెక్కలి క్యాంపస్‌లో సంగీత సామ్రాట్టుని. పాడడం వచ్చని కాదు. పాటల సెట్టు, రెండు పెద్ద స్పీకర్ బాక్సులు నా అధీనంలో ఉండేవి. ఆ గర్వంతో నేల మీద నడిచేవాణ్ణి కాదు.

నా రూమ్మేట్ తాతారావుది అక్కుపల్లి. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. కర్మలు అయ్యాక, కొడుకుని ఇంటికి తీసుకుపోవడానికి వాళ్లమ్మ వచ్చింది.

"ఇంక సదువు సాలు బాబూ. నా కళ్లముందుంటే సాలు" అంది వార్డెన్‌గారితో.

"సంతాప సభ పెట్టాం. అది చూసి వెళ్లమ్మా" అన్నారాయన. కొడుకంటే ఇక్కడ అందరికీ ఎంత ఇష్టమో చూస్తే ఆవిడ మనసు మారుతుందని ఆయన ఆశ. మా అందరి ఆశా అదే.

ఆ ఉదయమే హాల్లో వార్షికోత్సవం డాన్సు రిహార్సల్ మధ్యలో కరెంటు పోయింది. పోతే పోయిందని నేను టీకి పోయాను. టేప్‌రికార్డర్ మీద నొక్కిన బటన్ నొక్కినట్టే ఉంది. పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో నాకేం తెలుసు, మీరే చెప్పండి!

సభ కూడా ఆ హాల్లోనే. వార్డెన్‌గారు మైకు లేకుండానే మాట్లాడి, రెండు నిమిషాలు మౌనం అన్నారు. తలలు వంచాం. అప్పుడొచ్చింది కరెంటు.

డప్పులు, ఈలలు, ఆ పైన "హోయ్ హోయ్" అంటూ పదిమంది కోరస్! కిటికీలు అదిరాయి. నేను పరుగెత్తి, ఆపబోయి, కంగారులో వాల్యూమ్ ఇంకా పెంచాను.

"ఒరే, ఏటి సేత్తన్నావురా!" ఎవరో అరిచారు.

"ఆపుతున్నానురా, ఆగట్లేదు!"

"వైరు పీకీరా బావా!"

పీకాను. వార్డెన్‌గారి మొహం చూడలేక తిన్నగా వెళ్లి ముందు వరసలో ఉన్న తాతారావు అమ్మ కాళ్ల మీద పడ్డాను. "తప్పయిపోనాది అమ్మా."

ఆవిడ నన్ను చూడలేదు. కొడుకునే చూస్తోంది. తాతారావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. కళ్ల నిండా నీళ్లు, అయినా ఆపుకోలేక నవ్వుతున్నాడు.

"ఆళ్ల నాన్న పోయిన కాణ్ణించి ఈడు నవ్వడం నేన్సూడ్నేదు" అందావిడ మెల్లగా. తర్వాత వార్డెన్‌గారి వైపు తిరిగింది. "ఈడ్నిక్కడే ఉంచీయండి బాబూ. ఇంటికాడ నా ఏడుపే గానీ, నవ్వించడానికి ఈ ఎదవలు నేరు గదా."

నన్ను అంత గొప్పగా మెచ్చుకున్నవాళ్లు మళ్లీ లేరు. వార్డెన్‌గారు మాత్రం ఆ క్షణమే నన్ను సింహాసనం నుంచి దించేశారు. అందరి ఎదుటా చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో సంతాప సభల్లో సంగీతం జోలికి పోను. పెళ్లిళ్లకి పిలవండి, వస్తాను.