రాత్రి షిఫ్టు వారంలో తలంటు

సుగంధికి నిద్ర దూరమై ఏడాది దాటింది. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ మీద ఆమె పని. ఒక వారం పొద్దున షిఫ్టు, మరో వారం మధ్యాహ్నం, ఆపై వారం రాత్రి. ఒళ్ళు ఒక వేళకు అలవాటు పడేలోగా వేళే మారిపోయేది. తిన్నది అరగదు, పడుకుంటే రెప్ప వాలదు, మిషన్ ముందు నిలబడితే మాత్రం నిద్ర ముంచుకొచ్చేది. ఒకసారి అలా కునుకు తీస్తూ సూపర్‌వైజరు కంట పడింది. ఆయన కేకలేయలేదు. "ఈ మిషన్ మీద నిద్రపోతే చెయ్యి పోతాదమ్మా. ఇంకోసారి చూస్తే ఇంటికి పంపించేస్తాను" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే వచ్చిన చిక్కు.

భర్త పేరు వేలు, గులాబీ తోటల్లో కూలి. వేలు తల్లి పిల్లమ్మది అంచెట్టి వైపు కొండ ఊరు. కోడలి అవస్థ చూడలేక ఆమే సుగంధిని కృష్ణగిరిలో మాదప్ప అనే ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి లాక్కెళ్ళింది. మాదప్ప నాడి పట్టి చూసి, మందుకంటే దినచర్య ముఖ్యమన్నాడు. సూర్యుడికి ముందే లేవాలి. మధ్యాహ్నం కడుపునిండా, దీపాలు పెట్టే వేళకు తేలిగ్గా తినాలి. పగటి నిద్ర పనికిరాదు. వారానికోసారి నువ్వుల నూనె పట్టించి తలంటుకోవాలి.

"నాకు వారానికో షిఫ్టప్పా" అంది సుగంధి.

"సూర్యుడు వారానికో షిఫ్టు మారడు కదమ్మా" అని నవ్వాడు మాదప్ప. మంచివాడే. ఎన్నడూ కంపెనీ బస్సు ఎక్కిన పాపాన పోలేదు, అంతే.

పొద్దున షిఫ్టు వారం దినచర్య దివ్యంగా నడిచింది. ఏడాది తర్వాత సుగంధి మనిషిలా నిద్రపోయింది. లేచి పొయ్యి ముందు కూర్చుని కూనిరాగం కూడా తీసింది. మధ్యాహ్నం షిఫ్టు వారానికి సగం చెడింది. రాత్రి షిఫ్టు వారం వచ్చేసరికి అన్నీ గాలికి పోయి శుక్రవారం తలంటు ఒక్కటే మిగిలింది.

ఆ శుక్రవారం పొద్దున ఆమె డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి పిల్లమ్మ నూనె వెచ్చబెట్టి, సీకాయ నానబెట్టి, నీళ్ళు కాచి కూర్చుంది. కోడలి కోసం చీకటితోనే లేచిన మనిషి. వద్దనడానికి సుగంధికి నోరు రాలేదు. పైగా ఆ చేతులు మాడు మీద పడగానే ఒళ్ళంతా వదులైంది. ఇక పడుకుంటే చాలనిపించి, జుట్టు ఆరీ ఆరకముందే చాప పరిచింది.

"తలకు పోసుకోని పగలు పండుకుంటారా? జొరమొస్తాది, లెయ్యి" అంది పిల్లమ్మ.

"రాత్రికి మళ్ళా డ్యూటీకి పోవాలత్తా. కొంచేపే."

"వైద్యుడూ అదే చెప్పినాడు కదా. నీ పక్కనే ఉంటాలే నేను."

అన్నట్టే పక్కనే ఉంది. చేతికి చేట ఇచ్చి అలసందలు ఏరించింది. రెప్పలు వాలినప్పుడల్లా బుగ్గ తట్టింది, అంచెట్టి కబుర్లు చెప్పింది, కాఫీ కలిపిచ్చింది. శత్రువైతే విదిలించుకుని పోవచ్చు. ఇంత ప్రేమను ఏం చేయాలి? సుగంధి ఏడుపు దిగమింగుకుని అలసందలు ఏరింది. అలాగే రాత్రి బస్సెక్కింది.

ఆ షిఫ్టులోనే సూపర్‌వైజరు ఆమెను భుజం తట్టి లేపాడు. చెయ్యి ప్రెస్సు కింద లేదు, అదృష్టం. ఉద్యోగం మాత్రం పోయింది.

నిజం వేలు ఒక్కడికే చెప్పింది. "అమ్మకు చెప్పొద్దు. తన వల్లనే అని తెలిస్తే అన్నం ముట్టదు" అన్నాడు. ఒళ్ళు కుదుటపడేదాకా కంపెనీ సెలవిచ్చిందని పిల్లమ్మకు చెప్పారు. ఆమె ఆ కంపెనీవాళ్ళను నోరారా దీవించింది.

ఇక సుగంధికి దినచర్య నుంచి తప్పించుకునే దారి లేదు. చీకటితో లేపుతుంది అత్త, మధ్యాహ్నం కొసరి కొసరి వడ్డిస్తుంది, దీపాల వేళకు గంజి పోస్తుంది, పెందలాడే పక్క వేస్తుంది. అన్నీ వేళకు జరుగుతున్నాయి, నిద్ర తప్ప. కళ్ళు మూస్తే పోయిన పని గుర్తొచ్చి కోపం పొంగుకొస్తుంది. ఆ కోపం ఎవరి మీద చూపాలి? ఎదురుగా ఉన్నది మజ్జిగ గ్లాసు పట్టుకున్న అత్త. మా కోడలికి వైద్యం పట్టిందని ఆమె వీధి వీధంతా చెప్పుకుంటోంది.

ఒక శుక్రవారం సుగంధి తలకు నూనె పట్టిస్తూ, "నీ పక్క మిషన్లో నాగజ్యోతి అని ఉండాది కదా, ఆ పిల్లకూ నిద్ర రాదంటివే. పిలుచుకోని రా, దానికీ తలకు పోస్తాను" అంది పిల్లమ్మ.

"దానికి వద్దత్తా" అనేసింది సుగంధి. "దానికి ఈ వారం నైటు."

నోరు జారాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. మాడు మీద వేళ్ళు ఆగిపోయాయి.

"అలసందలు ఏరిస్తినే, ఆ వారం నీకూ నైటే కదమ్మా" అంది పిల్లమ్మ మెల్లగా.

"నూనె కంట్లో పడిందత్తా" అంది సుగంధి.

పిల్లమ్మ కొంగు తీసింది గానీ, తుడవడానికి ఆమె చెయ్యి ముందుకు రాలేదు.