మంచులో మాయమైన స్కీ

మేము న్యూజిలాండ్‌లో, హామిల్టన్‌లోని రోటోటూనాలో ఉంటాం. రెండేళ్ల క్రితం శీతాకాలం సెలవుల్లో మా ఆవిడ సునీత, పదేళ్ల మా అమ్మాయి నిత్యతో కలిసి సౌత్ ఐలాండ్ కొండల్లో ఓ పాతకాలపు స్కీ క్లబ్‌కు వెళ్లాను. తెల్లారేసరికి నడుం లోతున మంచు, పిండిలా మెత్తగా ఉంది.

"ముందు చిన్న వాలు మీద నేర్చుకోండి" అని సునీత అన్నా వినకుండా ఇంకొంచెం పైకెక్కి జారాను. పది గజాలు వెళ్లకుండానే బోర్లాపడ్డాను. లేచి కూర్చుంటే ఎడమ కాలికి స్కీ, అదే మంచు మీద జారడానికి బూటుకు తగిలించుకునే పొడవాటి పలక, లేదు. అది లేకుండా దిగలేను. పైగా మళ్లీ మంచు మొదలైంది.

క్లబ్‌లోని ఓ పెద్దావిడ మరో ముగ్గురితో వచ్చి, "నువ్వు కదలకు, పడిన చోటు మాకు గుర్తుండాలి" అంది. నలుగురూ కర్రలతో మంచులో పొడుస్తూ అరగంట వెతికారు. నా కాళ్లు కొయ్యబారాయి. నిత్యను వెంటబెట్టుకుని కింద నుంచి నడిచొచ్చిన సునీత ముఖంలో భయం కనిపించింది.

"డాడీ, మీ కింద చెక్ చేశారా?" అంది నిత్య.

"నా కింద ఉంటే నాకు తెలీదా?" అని కసిరాను.

చివరికి పెద్దావిడ చేయి పట్టుకుని నన్ను లేపింది. నేను కూర్చున్న చోటే, జానెడు లోతున ఉంది స్కీ.

"దొరికిందిగా, పద, టీ తాగుదాం" అందావిడ. ఆ నలుగురిలో ఒక్కరూ నవ్వలేదు. ఆ మర్యాద నేనెప్పటికీ మరచిపోను.

మా వాళ్లకు మాత్రం అంత మర్యాద లేదు. ఇంట్లో రిమోట్ కనబడకపోతే తల్లీకూతుళ్లు ముందుగా నన్ను లేచి నిలబడమంటారు. రెండుసార్లు అక్కడే దొరికింది కూడా.