ఫ్యాక్స్ గడిలో తొమ్మిది

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ గుర్తక్క అంటారు. వయసు యాభై నాలుగు. పంతొమ్మిదేళ్ళుగా ఒకటే చోటు. కుర్చీ రెండుసార్లు మారింది.

కిటికీ పక్కన బల్ల. బల్ల మీద ఫోను, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు చూపించే పాత కంప్యూటరు. ఎక్కడ లిఫ్టు ఆగినా ఆ ఫోనే మోగుతుంది. ఆమె చిరునామా అడుగుతుంది, తెర వైపు ఒకసారి చూస్తుంది, మెకానిక్‌కి ఫోను చేస్తుంది.

"తొమ్మిది ఇల్లు. మిగతావి తర్వాత, ముందు అక్కడికి వెళ్ళు."

తొమ్మిది అంటే పరుగు అని మెకానిక్‌లకు తెలుసు. ఆ ఇంట్లో మెట్లు దిగలేని మనిషి ఉన్నారు. నాలుగంటే కుక్క ఉంది. రెండంటే తాళాలు వాచ్‌మన్ దగ్గర ఉంటాయి. ఆరంటే ఆ ఇంటివాళ్ళు భయస్తులు, లోపల ఇరుక్కుంటే తలుపు తెరుచుకునేదాకా ఫోనులో మాట్లాడుతూనే ఉండాలి. సున్నా కూడా ఉంది. అది ఎప్పుడోగాని వినపడదు.

కంపెనీ చూసే ఇళ్ళు మూడు వేల పైచిలుకు. వాటి సంగతులన్నీ ఆమె తలలో ఉంటాయని అందరి నమ్మకం. పెద్ద మెకానిక్ కొత్తగా చేరినవాళ్ళకు ఆమెను చూపించి, "అది బుర్ర కాదు, గోడౌను," అనేవాడు. మొదట్లో ఆమె నవ్వి ఊరుకునేది. తర్వాత నవ్వడం మానేసి ఊరుకుంది. పేరు స్థిరపడింది.

ఇంట్లో సంగతి వేరు. భర్త టైలరు. ముందు గదిలో మిషను, గోడకు మేకులు, మేకులకు సగం కుట్టిన చొక్కాలు. వంటింట్లోంచి మాడు వాసన వస్తే మిషను ఆపకుండానే అరుస్తాడు.

"ఊరందరి లిఫ్టులూ గుర్తుంటాయి. పొయ్యి మీద పాలు మాత్రం గుర్తుండవు!"

అది నిజం. ఆమెది చిన్నప్పటి నుంచీ మతిమరుపే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి.

అంకెలు ఆమె తలలో లేవు. తెర మీద ఫ్యాక్స్ నంబరు రాసే గడిలో ఉన్నాయి.

చేరిన మూడో ఏడు ఒక ఉదయం రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది ఒక ఆఫీసు నుంచి, రెండోది ఒక ఆరంతస్తుల భవనం నుంచి. మొదట వచ్చిన ఫోను ప్రకారం మెకానిక్‌ను ఆఫీసుకు పంపింది. ఆరో అంతస్తులో ఒకాయన ఆసుపత్రికి వెళ్ళాల్సి ఉంది. నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. మూడో అంతస్తు మలుపులో ఒకడి కాలు జారింది. ఆయన చెయ్యి విరిగింది. తర్వాత ఆయనే ఫోను చేసి, "మీ తప్పేం లేదమ్మా, మేమే చెప్పాల్సింది," అన్నాడు.

ఆ ఇంట్లో మెట్లు దిగలేని మనిషి ఉన్నారని ఎక్కడైనా రాసిపెట్టాలనుకుంది. తెర మీద పేరు గడి ఇరవై అక్షరాలతో ఆగిపోతుంది. చిరునామా గడిలో రాస్తే కస్టమరుకిచ్చే కాగితం మీద అచ్చవుతుంది. ఫ్యాక్స్ గడి ఒక్కటే ఖాళీగా ఉంది. అది అచ్చు కాదు. అప్పటికే ఫ్యాక్స్ వాడేవాళ్ళు లేరు. కాని ఆ గడి అక్షరాలు తీసుకోదు, అంకెలే తీసుకుంటుంది. తొమ్మిది నొక్కింది. తొమ్మిదే ఎందుకో ఆమెకూ తెలియదు. వేలు అక్కడ ఉంది.

అలా పదహారేళ్ళు.

ఈ ఏడు కంపెనీ పాత సాఫ్ట్‌వేర్ మార్చేయాలనుకుంది. ఆ పనికి బయటి కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మూడు వారాలు ఒక్కొక్కరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏం చేస్తారో చూసి రాసుకుంది. వెయ్యి కంపెనీలు వాడే అప్లికేషన్ ఒకటి తెచ్చి ఈ కంపెనీకి సరిపడేలా మార్చడం, పాత కంప్యూటరులో ఉన్నదంతా అందులోకి ఎక్కించడం ఆమె పని. ఇది విని టైలరు ఒక్క ముక్కలో తేల్చాడు.

"రెడీమేడ్ కొని ఆల్టర్ చేయిస్తున్నారన్నమాట."

మంగళవారం అందర్నీ కూర్చోబెట్టారు. గోడ మీద పాత గడులన్నీ వరసగా చూపించి ఏది ఉంచాలో ఏది తీసేయాలో అడిగారు. మేనేజరు ముందే చెప్పాడు.

"కొత్తది ఎలా ఉంటే అలాగే వాడదాం. మనిషికో గడి కావాలంటే ఇది ఈ జన్మకి పూర్తవదు. తప్పదనుకుంటే గురువారం సాయంత్రంలోగా నా సంతకం తీసుకోండి. శుక్రవారం డేటా ఎక్కిస్తారు. ఆ పాత పెట్టె శనివారం పాత సామాన్ల బండెక్కుతుంది."

ఫ్యాక్స్ గడి వచ్చింది.

"ఇది భలే తమాషాగా ఉందండీ," అంది సాఫ్ట్‌వేర్ అమ్మాయి. "నాలుగు వందల పన్నెండు ఇళ్ళకి నంబర్లున్నాయి. కొన్నిటికి తొమ్మిది అని ఒకటే అంకె. ఆ నంబరుకి ఫ్యాక్స్ పంపితే ఎక్కడికి పోతుందో!"

"పైకే," అంది స్పేర్ పార్టుల స్టోర్స్ చూసే ఆవిడ.

అందరూ విరగబడి నవ్వారు. స్టోర్స్ ఆవిడ అందరికంటే పెద్దగా నవ్వింది. కంపెనీలో అందరితోనూ, ఫోను చేసిన కస్టమర్లతోనూ, కొరియరు మనిషితోనూ ఆవిడకు కబుర్లు కావాలి. సమోసా తెచ్చిన మనిషిని కూడా వాళ్ళమ్మ మోకాలి నొప్పి గురించి అడుగుతుంది.

గుర్తక్క కూడా నవ్వింది. మేనేజరు ఆమె వైపు తిరిగాడు.

"ఏమ్మా, తీసేద్దామా?"

"తీసేయండి సార్."

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకు తర్వాత కూడా అర్థం కాలేదు. ఉంచమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే గోడౌను ఖాళీ అని తెలుస్తుంది. ఈ వయసులో తనను ఆ బల్ల దగ్గర ఉంచింది ఆ గోడౌనే. గడిలో ఉన్నదాన్ని ఎవరైనా చదవగలరు.

బుధవారం ఉదయం డేటా ఎక్కించడం ఒకసారి పరీక్షించాలన్నారు. పాత కంప్యూటరు రెండు గంటలు ఆపేశారు. ఫోన్లు ఆగవు కదా. అలా ఆపారో లేదో, ఒక నాలుగంతస్తుల ఇంటి నుంచి ఫోను వచ్చింది. లిఫ్టు కింద ఆగిపోయింది, తలుపు తెరుచుకోవట్లేదు. ఆమె అలవాటుగా తెర వైపు చూసింది. తెర నల్లగా ఉంది. ఆకుపచ్చ లేదు.

పెద్ద మెకానిక్‌కి చెప్పింది.

"తొమ్మిదా అక్కా?"

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ చిరునామా తెలిసినట్టే ఉంది. అంతకంటే ఏమీ రాలేదు.

"కాదు. మామూలే."

"అయితే బట్టల షాపు లిఫ్టు ముగించుకుని వెళ్తా."

తెర మళ్ళీ వెలిగాక ముందు ఆ ఇల్లే తీసింది. ఫ్యాక్స్ గడిలో తొమ్మిది ఉంది. ఫోను చేసింది. నాలుగో అంతస్తు ఆవిడే ఎత్తింది. కాలికి ఆపరేషనై ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు అది. కింద లిఫ్టు తలుపు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేశారట. రెండు గంటలుగా అందులోనే ఉంది.

"పర్లేదమ్మా. కూర్చునే ఉన్నాగా," అంది ఆవిడ.

తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఇంటికి వచ్చి కొత్త నోటుబుక్కు తీసింది. ఆఫీసులో మధ్యాహ్నం చీటీల మీద ఎక్కించుకున్న అంకెలు అందులోకి రాయడం మొదలుపెట్టింది. భర్త ఒక ప్యాంటు ముక్క మీద సుద్దతో గీత గీస్తూ అడిగాడు.

"ఏమే, ఏంటా లెక్కలు?"

చెప్పింది. ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి మొత్తం చెప్పింది. ఆయన సుద్ద పక్కన పెట్టాడు.

"అంటే నీకు ఏదీ గుర్తుండదా?"

"ఉండదండీ."

"ఇంట్లో మాత్రం మరిచిపోయినట్టు నటిస్తున్నావనుకున్నా ఇన్నాళ్ళూ."

తర్వాత ఆయన మిషను సొరుగులోంచి కొలతల పుస్తకం తీశాడు. అట్ట ఊడిపోయింది. నడుము, భుజం, పొడవు. పేజీ పేజీకీ మనుషులు.

"నేను కొలతలన్నీ ఇందులో రాసుకుంటా. నన్నెవరన్నా దొంగ టైలరన్నారా?"

"మీరు దాచలేదుగా."

"అదీ నిజమే," అన్నాడు. కొంచెం ఆగి, ఆమె చేతిలోని నోటుబుక్కు వైపు చూశాడు. "దీన్నెక్కడ పెడతావు?"

"నా సొరుగులో."

"నువ్వు వెళ్ళని రోజున?"

ఆమె నోటుబుక్కు మూసింది. ఆ రాత్రి పాలు మాడలేదు. పొయ్యి దగ్గరే నిలబడి ఉంది.

గురువారం ఉదయం గుర్తక్క సాఫ్ట్‌వేర్ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈసారి తనే.

"అమ్మాయ్, ఆ ఫ్యాక్స్ నంబర్లు నేనే పెట్టాను."

మొత్తం వినడానికి పది నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయి మధ్యలో నవ్వలేదు. మొన్న నవ్వినందుకు చెవులు ఎర్రబడ్డాయి.

"తొమ్మిది అర్థమైంది మేడమ్. నాలుగు, రెండు, ఆరు సరే. ముప్పై ఒక్క ఇళ్ళకి సున్నా ఉంది. సున్నా అంటే ఖాళీ అనేగా? వదిలేయనా?"

"వద్దు. అది తీసేయకు."

"ఏంటది?"

"తొమ్మిది ఇల్లంటే మెకానిక్‌కి ఆ మనిషి తెలిసిపోతారు కదా. ఏడాదికి నాలుగుసార్లు వెళ్తాడు. వెళ్ళిన ప్రతిసారీ పలకరిస్తాడు. ఒకసారి మనవాడొకడు గుమ్మంలో నిలబడి 'పెద్దాయన ఎలా ఉన్నారమ్మా?' అన్నాడు. ఆయన పోయి అప్పటికి పన్నెండు రోజులు. ఆవిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. వాడు లిఫ్టు బాగుచేయకుండానే వెనక్కొచ్చాడు. అప్పట్నుంచి ఆ మనిషి పోయారని తెలిసిన చోటల్లా తొమ్మిది తీసి సున్నా పెడుతున్నా."

ఆ అమ్మాయి కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"కొత్తదాంట్లో అంకెలు అక్కర్లేదు మేడమ్. మాటలే పెట్టొచ్చు. మెట్లు దిగలేరు. కుక్క ఉంది. తాళం వాచ్‌మన్ దగ్గర. మాట్లాడుతూ ఉండండి." టైపు చేస్తూ చదివింది. "సున్నాకి ఏం రాయను? 'చనిపోయారు' అని?"

"అలా వద్దు."

"మరి?"

గుర్తక్క కిటికీ వైపు చూసింది. ఎదురు మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు.

"అడగవద్దు," అంది. "అంతే రాయి."

ఇద్దరూ కలిసి మేనేజరు గదికి వెళ్ళారు. పెద్ద మెకానిక్ అక్కడే స్పేర్ పార్టుల కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని బయటికి వెళ్ళమనాలని ఆమెకు అనిపించింది. అనలేదు.

మేనేజరు విన్నాడు. చిరాకు పడ్డాడు.

"మంగళవారం మీరే కదా తీసేయమన్నారు?"

"అన్నాను సార్."

"అయినా మీకన్నీ గుర్తే కదా? గడి ఎందుకు?"

"గుర్తుండవు సార్. ఎప్పుడూ లేవు. తెర చూసి చెప్పేదాన్ని. నిన్న తెర లేదు, తప్పు చెప్పాను. ఆపరేషనైన మనిషి రెండు గంటలు కుర్చీలో కూర్చుంది."

పెద్ద మెకానిక్ చేతిలో కాగితం మడిచాడు, విప్పాడు.

"అన్యాయం అక్కా," అన్నాడు చివరికి. "ఒక్క రెంచి మర్చిపోయానని నన్ను నెల రోజులు ఆడిపోసుకున్నావు."

మేనేజరుకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. ఎంత ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ అమ్మాయిని అడిగాడు. పూట పడుతుందంది. సంతకం పెట్టాడు. పెన్ను మూత పెడుతూ ఇంకో మాట అన్నాడు.

"అయితే ఇంక ఫోను మీ ఒక్కరి బల్ల మీదే మోగక్కర్లేదు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు తీస్తారు. తెర మీద ఉంటుందిగా."

"ఉంటుంది సార్," అంది ఆమె.

ఆ మాట వస్తుందని తెలిసే వచ్చింది. తెలిసి రావడం వేరు, చెవిన పడడం వేరు.

బయటికొచ్చాక ఆ అమ్మాయి అడిగింది, గడికి పేరేం పెట్టాలని. తలుపు దగ్గర నిలబడి ఉన్న పెద్ద మెకానిక్ అందుకున్నాడు.

"ఇంకేం పేరు? గుర్తు అని పెట్టు. అక్క పేరు అక్కకుంటుంది."

ఎగతాళి అనుకుంది గుర్తక్క. అతని ముఖం చూసింది. కాదు.

శనివారం పాత పెట్టె బండెక్కింది. అది ఉన్నచోట బల్ల మీద దుమ్ము పట్టని చదరం మిగిలింది. సోమవారం ఆ చదరం మీద కొత్త తెర పెట్టారు. తెల్లగా ఉంది. కళ్ళు లాగాయి.

పదకొండు గంటలకు ఆమె ఒక ఫోనులో ఉండగా ఇంకో ఫోను స్టోర్స్ ఆవిడ బల్ల మీద మోగింది. ఆవిడకు ఇది మొదటి ఫోను. హుషారుగా ఎత్తింది. పేరు, చిరునామా అడిగింది, టైపు చేసింది. పేరు చూడగానే ముఖం విప్పారింది.

"అయ్యో, మీరా అండీ! మన స్టోరుకి కూడా వచ్చారు ఓసారి. ఇంట్లో అందరూ..."

ఆగింది.

గుర్తక్క తన ఫోను చెవి నుంచి కొంచెం దించింది.

స్టోర్స్ ఆవిడ తెర మీద గుర్తు గడి వైపే చూస్తోంది. పెదవులు కదిలాయి, శబ్దం లేదు. కుర్చీలో సర్దుకు కూర్చుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

"లిఫ్టు ఎన్నో అంతస్తులో ఆగిందండీ? సరే. మెకానిక్ ఇప్పుడే బయల్దేరతాడు. మీరు కంగారు పడకండి."

ఫోను పెట్టేసి ఆవిడ ఎవరి వైపూ చూడలేదు.

అది ఎవరి ఇల్లో, అక్కడ ఎవరుండేవారో గుర్తు తెచ్చుకోవాలని గుర్తక్క ప్రయత్నించింది. రాలేదు. ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుంది.

"చెప్పండి," అంది. "వింటున్నాను."