మూడు ఆకుపచ్చ మచ్చలు

జీడిమెట్లలో ఓ రంగుల కంపెనీ ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, ప్రపంచంలో నాకు తెలియని పూత లేదనుకునేవాణ్ణి. పాత ఎలక్ట్రిక్ గిటార్ల మీది అరుదైన రంగులు గుర్తుపట్టడం నా పిచ్చి. దానికో నోట్‌బుక్ కూడా ఉండేది. ఒకటి, వాసన చూడాలి. రెండు, స్క్రూలు విప్పి, ఎండ తగలని చోట అసలు రంగు చూడాలి. మూడు, ఇవి రెండూ అయ్యాకే దూదికి రంగు కరిగించే థిన్నర్ అద్ది, కింద ఇంకో రంగుందేమో ఓ మూల రుద్ది చూడాలి. (అప్పటికి నేను చేత్తో ముట్టుకున్న పాత గిటార్లు సున్నా. అన్నీ ఫోన్‌లో చూసినవే.)

మొదటిది తూంకుంటలో, మా చిన్నాయిన ఇంట్లో దొరికింది. మేడ్చల్, శామీర్‌పేట ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళి ఆర్కెస్ట్రాతో ఆయన వాయించిన లేత నీలం గిటార్. చిన్నమ్మ చనిపోయాక ఆయన దాన్ని కవర్‌లోంచి తీయలేదు. నేను బతిమాలితే తీశాడు. కింది అంచున వరసగా మూడు ఆకుపచ్చ మచ్చలు! అక్కడే ప్రకటించేశాను.

"చిన్నాయినా, దీని అసలు రంగు ఆకుపచ్చ. మస్తు అరుదైంది. మీదికెల్లి ఎవరో నీలం కొట్టిన్రు."

"గట్లనా? గిన్నేండ్లు వాయించిన, నాకొక్క మాట చెప్పలే సూడు ఇది. కూసో, చాయ్ పెట్టుకొస్త."

ఆయన లోపలికి వెళ్ళగానే, ఒకటీ రెండూ వదిలేసి నేరుగా మూడో అంశానికి దూకాను. వెంట తెచ్చిన థిన్నర్‌తో మచ్చల చుట్టూ రుద్దాను, మచ్చల మీదా రుద్దాను. ఆకుపచ్చ బయటపడలేదు. ఉన్నది కాస్తా పోయింది. కింద శుభ్రమైన నీలం, నా చేతిలో పసుప్పచ్చటి దూది. (నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. దీనికి డిప్లొమా అక్కర్లేదు, ఒకటో తరగతి రంగుల డబ్బా చాలు.)

చిన్నాయిన రెండు కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తుడిసినవా?"

"అసలు రంగనుకున్న, చిన్నాయినా..."

"మీ చిన్నమ్మ ఏలిముద్రలురా అవి. దసరాకు కత్తిపీటకు, నా బండికి పసుపు పెట్టి, ఆఖర్ల దీనికి పెడ్తుండె. ఏటేటా గాడనే."

 చాయ్ నా ముందు పెట్టి అడిగాడు.

"ఇగ అసల్ రంగు తేలిందా?"

"తేలింది. లేత నీలం."

"గది నాకెర్కనేరా. నేనే కొన్న గద."

నవ్వబోయాడు, సగంలోనే ఆగిపోయాడు. నా చేతిలోని దూది తీసుకుని, మడిచి, గిటార్ కవర్ జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఏడు దసరాకు పిలిచి పసుపు గిన్నె నా చేతికిచ్చాడు. మూడు వేళ్ళతో అదే చోట అద్దాను. "గంత గట్టిగ ఒత్తకు. ఆమె మెల్లగ పెడ్తుండె" అన్నాడు.

అప్పటి నుంచి ఏటా వెళ్తున్నాను. మచ్చలు మెల్లగా ముదురుతున్నాయి. అప్పటి నాలాంటి మేధావి ఎవడైనా చూస్తే అరుదైన రంగని ప్రకటిస్తాడు. ఈసారి నేను కాదనను. దూది మాత్రం చేతికివ్వను.