సీసాల్లో పోసిన చెలమ నీళ్ళు

మొన్న ఫోన్లో మీరిద్దరూ నవ్వతా అడిగినారు గదా, "అవ్వా, రీసెర్చ్ అంటే ఏందో నీకు తెలుసా" అని. తెలవకేం నాయనా. మీ నాయన పని గోవాలో గాబట్టి మీరు ఆడనే పుట్టి ఆడనే పెరగతా ఉండారు. కోట టౌనుకి అవతల ఇసక మీదుండే మా కుప్పాన్ని మీరు సెలవల్లో చూసినదే. చేపలు పట్టుకునే ఊరు, ఇంతే గదా అనుకునుంటారు. ఈ ఊరికి వచ్చినంత మంది చదువుకునేవాళ్ళు ఏ టౌనుకీ పోయుండరు.

ఒకసారి వచ్చినోళ్ళు ఒడ్డున కర్రలు పాతి, సముద్రం ఎంత లోపలికి వస్తా ఉందో కొలిచినారు. ఇంకోసారి ఇంజనీరింగు పిల్లకాయలు వచ్చి, పడవలు నిలబెట్టేదానికి గోడ యాడ కడితే ఇసక మేట వెయ్యదో చూసినారు. ఫిజిక్సు వాళ్ళంట, తుపాను షెల్టరు మిద్దె మీద ఒక చక్రం బిగించి, గాలినీ మెరుపులనీ కనిపెట్టుకోని కూర్చున్నారు. ఇంకొకామె ఆడోళ్ళనందర్నీ వలలు అల్లే పాకలో చేర్చి, "మీ ఇళ్ళల్లో ముందు ఎవురు తింటారు, ఆఖర్న ఎవురు తింటారు" అని అడిగింది. మా తోడికోడలు, అదే మీ చిన్నవ్వ, ఊరుకుంటుందా? "ముందు పిల్లి తింటాదమ్మా, అది వదిలిపెడితే మేము" అనింది. పాపం ఆమె అది గూడా రాసుకునింది.

వచ్చినోళ్ళని ఎప్పుడూ ఊరికే పంపలా మేము. కుర్చీలు ఏరుకొచ్చి వేసేది, టీ పెట్టేది, వంజరం చేప దొరికితే ఇంత పులుసు చేసి పెట్టేది. పోతా పోతా "మళ్ళా వచ్చి ఏం తేలిందో చెప్తామమ్మా" అనేవాళ్ళు. ఎవురూ రాలా. చదువు అయిపోయుంటాదిలే అనుకునేవాళ్ళం.

ఒక్క పాప మాత్రం మళ్ళా మళ్ళా వచ్చింది. లోపల వరి పండే ఊళ్ళో రైతుబిడ్డ, నెల్లూరు కాలేజీలో పెద్ద చదువు చదవతా ఉన్నింది. మొదట వచ్చినప్పుడు ఎండుచేపల వాసనకి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకునింది. కొన్నాళ్ళకి నెత్తళ్ళ వేపుడు అడిగి పెట్టించుకునింది. తాగే నీళ్ళు మాత్రం తన బాటిల్లో తానే తెచ్చుకునేది.

ఆ పాప చదువంతా నీళ్ళ గురించి. సముద్రం ఒడ్డునుండే ఊళ్ళల్లో జనం ఏ నీళ్ళు తాగతా ఉండారు, వాళ్ళ కిడ్నీలు ఎట్టా ఉండాయి అని. మా బోరు సంగతి మీ అమ్మకి తెలుసు, అడగండి. చుట్టూ రొయ్యల గుంతలు వచ్చినాక చెడిందో, సముద్రమే కింద నుంచి వచ్చి కలిసిందో, మాకు తెలవదు. ఆ నీళ్ళల్లో కందిపప్పు ఉడకదు. టీ పెడితే పాలు విరిగిపోతాయి. మంచినీళ్ళ క్యాన్ల ఆటో ఉంది గానీ, చేపల వేట బాగున్నప్పుడే కొనేది. వేట లేనప్పుడు బోరు నీళ్ళే.

మా తోడికోడలికి అప్పటికే కాళ్ళు వాస్తా ఉన్నాయి. నెల్లూరు డాక్టరు చూసి, కిడ్నీలు నీరసంగా ఉండాయి, మంచి నీళ్ళు తాగమ్మా అన్నాడు. "ఆయన ఇంట్లో కొళాయి ఉంది గాబట్టి చెప్పినాడు" అని బస్సంతా వినపడేట్టు అనింది ఇది.

ఈ మాట చెప్తే, ఆ పాప దాని కాళ్ళ దగ్గర కూర్చోని, వేలితో వాపు నొక్కి చూసింది. "బోరు నీళ్ళ వల్లేనా కాదా నాకింకా తెలవదు పిన్నమ్మా. అది తేల్చేదానికే వచ్చినా. తేలిందంటే, ఏటి నీళ్ళ పైపు మా ఊరికి గూడా వెయ్యండని మీరు అడిగేటప్పుడు చేతిలో ఒక ఆధారం ఉంటాది" అనింది.

పైపు మాట వినంగానే ఊరు ఊరంతా ఆ పాప వెనకాలే. సూది చూస్తే పారిపోయే మగోళ్ళు గూడా వరసలో నిలబడి రక్తం ఇచ్చినారు.

ఆ తర్వాత ఎండాకాలంలో ఒక సాయంత్రం వచ్చి, ఇంటింటికీ ఒక చిన్న సీసా ఇచ్చింది. "రేపు పొద్దన్నే మీరు తాగే బిందెలోవి ఇందులో నింపి పెట్టండి, నేను వచ్చి తీసకపోతా" అనింది. ఆ రాత్రికి షెల్టరులోనే పడుకునింది.

ఇంకా తెల్లారకముందే మా తోడికోడలు నా తలుపు కొట్టింది, చంకలో బిందె.

"ఏందే ఈ వేళప్పుడు?"

"చెలమకి పోదాం రా అక్కా."

"నీ కాళ్ళతోనా?"

"నా కాళ్ళకేం, ఏనుగు కాళ్ళ మాదిరి బలంగా ఉండాయి. ఆ పిల్ల మనకోసం ఇన్ని మాట్లు వచ్చింది. ఆ సీసాలో బోరు నీళ్ళు పోసిస్తామా? వాళ్ళ కాలేజీలో సార్లు చూస్తే, ఈ కుప్పమోళ్ళు మా పిల్లకి ఇట్టాంటి నీళ్ళా ఇచ్చింది అనుకోరా?"

చెలమ అంటే మీరు చూసుండరు. సరుగుడు తోపు దాటినాక ఇసక దిబ్బల్లో చేత్తో గుంట తీస్తే, అడుగున తియ్యటి నీళ్ళు ఊరతాయి. కొబ్బరి చిప్పతో మెల్లిగా ఎత్తుకోవాల. తొందరపడితే ఇసక కలిసిపోతాది. బిందె నిండేసరికి నడుం పడిపోతాది గాబట్టి రోజూ ఎవురూ పోరు. పెళ్ళిచూపులకి వచ్చినోళ్ళకి, బాలింతకి, జొరం వచ్చినోళ్ళకి, పై ఊళ్ళ నుంచి వచ్చే చుట్టాలకి, అంతే. వచ్చిన మనిషికి ఉప్పు నీళ్ళిచ్చిన ఇంటిని మా ఊళ్ళో వేలెత్తి చూపతారు.

నాకూ అదే సబబు అనిపించింది. బిందె ఎత్తుకున్నా. తోపు కాడికి పోయేసరికి మా ముందే నలుగురు. వెనక్కి తిరిగి చూస్తే ఇంకా వస్తా ఉండారు. ఒక ఇల్లు బిందె ఎత్తితే రెండో ఇల్లు ఊరుకుంటుందా? చెలమ కాడ తిరణాల మాదిరి అయింది. "నెట్టొద్దు మే, ఆ పిల్లకి ఇసక నీళ్ళిస్తావా" అని ఒకరినొకరు తిట్టుకుంటా, సీసాలు కడుక్కోని, తేటగా చూసి చూసి నింపుకున్నాం.

పొద్దన్నే ఆ పాప గుమ్మం గుమ్మానికీ వచ్చింది. "తాగే బిందెలోవేనా అవ్వా?" అని అడిగింది. "అవును తల్లీ" అన్నా. అప్పుడే తాగే బిందెలోకి ఒంపి, దాంట్లో నుంచే సీసాలోకి పోసినా గదా. అబద్ధం చెప్తా ఉండానని నాకు తోచనే లేదు బిడ్డా. వచ్చిన పిల్లకి మంచిది ఇచ్చినామన్న తృప్తి ఒకటే.

వానలు మొదలైనాక ఆ పాప ఫోను చేసింది. కాలేజీలో పెద్ద సభ, అన్ని రకాల చదువులోళ్ళూ వాళ్ళు చేసిన పని గోడకి పెట్టి చూపిస్తారు, మీరు రావాల్సిందే అని. ఏం తేలిందో చెప్తామన్నవాళ్ళల్లో పిలిచి చూపించింది ఆ పిల్లే. మా తోడికోడలు పట్టుచీర కట్టింది. చెప్పులు పట్టక కొడుకు చెప్పులు వేసుకోని వచ్చింది.

ఆ హాలు నిండా బల్లలు, అట్టలు. ఒకబ్బాయి ముత్తుకూరు వైపు కరెంటు ఫ్యాక్టరీలో వచ్చే బొగ్గు బూడిదతో చేసిన ఇటుక చేతికిచ్చినాడు. మా తోడికోడలు దాన్ని ఎత్తి చూసి, "తేలిగ్గా ఉంది అబ్బయ్యా, పొయ్యికి ఒక రెండు ఇస్తావా" అనింది. ఇంకో బల్ల మీద గాజు తొట్టెలో నీళ్ళు పోసి, ఎర్ర లైటు వేసి, ఉప్పు పెరిగే కొద్దీ ఆ వెలుతురు గీత ఎట్టా వంగతాదో చూపిస్తా ఉండారు. పక్కనే ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తారో ఒకామె చెప్తా ఉంది.

మన పాప అట్ట మీద ఒడ్డు ఊళ్ళన్నీ పటం గీసుంది. ఊరికొక చుక్క. చానా ఊళ్ళకి ఎరుపు. మన ఊరికి పచ్చ.

"పచ్చ అంటే ఏంది పాపా?" అనింది మా తోడికోడలు.

"మంచిది పిన్నమ్మా. మీ నీళ్ళు బాగుండాయి" అని నవ్వింది ఆ పిల్ల.

ఆ పాపకి చదువు చెప్పే సారు, పెద్దాయన, పక్కకొచ్చి నిలబడినాడు. "మీ ఊరే మాకు వింతగా ఉందమ్మా. నీళ్ళు మంచివే, కిడ్నీ జబ్బు మాత్రం పక్క ఊళ్ళంత ఉంది. ఎండలో పనో, ఎండుచేపల్లో ఉప్పో కారణం అయ్యుండొచ్చు. మీరు ఎండుచేపలు తగ్గిస్తే మంచిది" అన్నాడు, మా తోడికోడలి కాళ్ళు చూసి.

మా తోడికోడలు నా చెయ్యి పట్టుకునింది, గట్టిగా.

పాపని వరండాలోకి పిలిచి చెప్పినాను. చెలమ సంగతి, బిందెల సంగతి అంతా. ఆ పిల్ల వింటా వింటా మెట్టు మీద కూర్చునింది.

"అందరూనా అవ్వా?"

"అందరూ తల్లీ."

"ఎందుకట్టా చేసినారు?"

"మా ఇంటికొచ్చిన బిడ్డవి గదమ్మా. నీ చేతిలో ఆ ఉప్పు నీళ్ళు ఎట్టా పెట్టేది?"

ఆ పాప కోప్పడుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. "నేనే బోరు కాడ నిలబడి పట్టుకోవాల్సింది. షెల్టరులో పడి నిద్రపోయినా" అని తననే అనుకునింది. మా తోడికోడలు, "రేపే రా తల్లీ, డ్రమ్ము నిండా బోరు నీళ్ళిస్తాం" అనింది. పాప తల అడ్డంగా ఊపింది. మిగతా ఊళ్ళ నీళ్ళన్నీ ఎండాకాలంలో పట్టినవి, వానలు పడినాక పట్టినవి వాటి పక్కన పెట్టగూడదంట. మళ్ళా ఎండాకాలం దాకా ఆగేదానికి తనకి గడువు లేదంట.

గమ్మున ఉండిపోయుంటే ఎవురికీ తెలిసేది కాదు. ఆ పిల్ల లేచి లోపలికి పోయి సారుతో చెప్పింది. ఆయన ఆ పచ్చ చుక్క వైపు చెయ్యి చూపించి, "తీసెయ్యమ్మా" అన్నాడు. అందరూ చూస్తా ఉండంగానే పచ్చ చుక్కని గోరుతో గీకింది. అది ఊడొచ్చిన చోట కాయితం చిరిగి తెల్లగా మిగిలింది.

తర్వాత మన ఊరు లేకుండానే ఆమె చదువు అయిపోయింది. యాడనో దూరంగా ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఎర్ర చుక్క పెట్టిన ఊళ్ళల్లో కొన్నిటికి ఏటి నీళ్ళ పైపు వచ్చింది. ఆ పాప రాసిన పుస్తకం చూసి వేసినారో, వేరే లెక్కతో వేసినారో నాకు తెలవదు. మావాళ్ళు పోయి అడిగితే, "మీ ఊరి గురించి ఏమన్నా కాయితం ఉందా" అన్నారంట.

మీ చిన్నవ్వ ఇప్పుడు రక్తం శుద్ధి చేయించుకునేదానికి నెల్లూరు తిరగతా ఉంది. ఆ నీళ్ళ వల్లే అని నేను అనలేను నాయనా, అది తెలుసుకునే దోవ ఒకటి వచ్చింది, దాన్ని మేమే చేజేతులా పోగొట్టుకున్నాం. ఆ రోజు చెలమకి పోయే ఓపిక లేక, వంటింట్లో ఉండే బిందె అట్టనే ఒంపుంటే సరిపోయేది గదా అనిపిస్తాది. అంత చిన్న పని.

పోయిన నెల మళ్ళా నలుగురు వచ్చినారు, చేతిలో పలకల్లాంటి ఫోన్లు పట్టుకోని. తుపాను వస్తే ఇళ్ళ కప్పులు ఎట్టా నిలబడతాయో చూస్తారంట. నేను కుర్చీలు వేసి, బోరు నీళ్ళు గ్లాసుల్లో పోసి తెచ్చినా. గడపలో కూర్చోనున్న మీ చిన్నవ్వ అది చూసి, "ఏందక్కా, సిగ్గు లేదా" అని గొణిగింది. వాళ్ళల్లో ఒకామె ఒక గుక్క తాగి, మొహం అదోరకంగా పెట్టి గ్లాసు కింద పెట్టింది.

"మేము రోజూ తాగేది ఇవే తల్లీ. ఇది రాసుకోండి" అన్నాను.

ఆమె మంచి పిల్లే. ఫోనులో పైకీ కిందకీ జరిపి చూసింది. "మా దాంట్లో కప్పుల గురించే ఉందమ్మా, నీళ్ళకి చోటు లేదు" అనింది. ఆ గ్లాసుల్లో మిగిలినవి పెరట్లో మునగచెట్టుకి పోసేసి, వాళ్ళకి మా ఇంటి కప్పు చూపించేదానికి లోపలికి పిలిచినాను.