బంతి ఎగరని చోటు

ఊరిగాం స్టేషను ముందరి హోటల్లో ఈ మధ్య వడ మధ్యలో బొక్క పెద్దది చేశారు. నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను, తీసి చూశాను. అనుమానం లేదు. ఒకప్పుడు చిటికెన వేలు పట్టేది, ఇప్పుడు బొటనవేలు దూరిపోతోంది. ఆ రోజు పొద్దున హోటలాయనతో ఆ సంగతే తేల్చుకుంటున్నాను.

"ఏమప్పా, వడ అడిగితే గాజు తెచ్చిస్తివే. మా ఇంటామె చేతికి ఏసుకోవాల్నా?"

"పొద్దున్నే నీకి నేనే దొరికినానా పెద్దాయనా? తినేది వడ గదా, బొక్క కాదు గదా."

"బొక్కే గదప్పా ఎక్కువ పెట్టినావు."

అప్పుడే ఆయన ఫోను మోగింది. విని, నా మొహం చూసి, గరిటె పక్కన పెట్టాడు. బెంగళూరు నుంచి వచ్చిన రైలు మారికుప్పంలో ఆగిందట. పట్టాలు అక్కడితో అయిపోతాయి. అందరూ దిగిపోయారు, ఒకడు మాత్రం కిటికీకి తల ఆనించి అలాగే కూర్చుని ఉన్నాడట.

"మీ లైన్ కొసింటాయన, పెద్దాయనా" అన్నాడు.

నైట్ డ్యూటీ చేసి వచ్చేవాళ్ళంతా రైల్లో నిద్రపోతారు. వీడూ నిద్రపోతున్నాడనుకుని ఊరిగాంలో ఎవరూ లేపలేదు. లేపినా లేచేవాడు కాదని, గుండె ఎప్పుడో ఆగిపోయిందని డాక్టరు తర్వాత చెప్పాడు. నా చేతిలో ఉన్న వడ ఏమైందో నాకు గుర్తులేదు.

వాడు నాకు అల్లుడు. సొంత అల్లుడు కాదు. మాది బంగారు గనులు నడిచే రోజుల్లో కంపెనీ కట్టించిన వరస ఇళ్ళ వీధి. లైన్ అంటాం. పై కొసన మేము, కింది కొసన వాళ్ళు. వాళ్ళమ్మ నన్ను అన్నా అంటుంది, ఆ లెక్కన వాడు అల్లుడు. అల్లుణ్ణి ఎగతాళి చేసే హక్కు మామకుంది కదా. వాడు చెడ్డీ వేసుకున్నప్పటి నుంచి ముప్పై దాటేదాకా ఆ హక్కును నేను ఒక్క రోజూ వదులుకోలేదు. నా చదువు నాలుగో క్లాసుతో సరి. నేను రాసిన దీంట్లో తప్పులు మా మనవరాలు దిద్దింది, దిద్దొద్దు అన్నచోట వదిలేసింది.

మా లైన్ వెనక, గనిలోంచి తవ్వి బంగారం పిండుకున్నాక పారబోసిన మట్టి కొండంత ఉంటుంది. దాని పక్కనే ఆటస్థలం. అక్కడ గడ్డిపోచ మొలవదు. బండలాంటి గట్టి నేల, దాని మీద బూడిదరంగు ఇసుక, అక్కడక్కడ రాళ్ళు. ఫుట్‌బాల్ పడితే నడుము దాకా ఎగురుతుంది, రాయి తగిలితే మొహం పగలగొడుతుంది. మిగతా పిల్లలు బంతి వెనక పరుగెత్తేవాళ్ళు. వీడు అది రాబోయే చోటికి ముందే పోయి, బస్సు కోసం నిలబడ్డవాడిలా నిలబడేవాడు.

నేను గోడ మీద కూర్చుని బంతి పైకి విసిరేవాణ్ణి. అది గాల్లో ఉండగానే చెప్పేవాడు.

"ఆ తెల్లరాయి మింద పడతాది మామా. ఎడమకి పోతాది."

చెప్పినట్టే పోయేది. నేను మోసం చేసి వంకరగా విసిరినా అంతే.

"బంతి నీ చెవిలో చెప్తాదేమిరా?"

"బంతికేం తెలుసు మామా. నేల ఎట్ల చెప్తే అట్ల పోతాది."

ఎవరో చూసి వెళ్ళి ఎవరికో చెప్పారు. ఒక ఏడాది మా స్థలంలో పోటీలు జరిగినప్పుడు టోపీ పెట్టుకున్న ఒకాయన వచ్చి అన్ని ఆటలూ చూసి వెళ్ళాడు. తర్వాత కబురొచ్చింది, దేశమంతా టీవీలో చూపించే పెద్ద లీగ్ కోసం క్లబ్బులవాళ్ళు ఆటగాళ్ళను ఎంచుకునే రోజు వీడి పేరు కూడా పెట్టారని. క్లబ్బులవాళ్ళు తలా ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క పేరే పిలుస్తారు. దాన్ని డ్రాఫ్ట్ అంటారట.

వాళ్ళమ్మ పాలు అమ్మి బతికే మనిషి. ఆ ఇంట్లో అప్పటిదాకా టీవీ లేదు. ఆ రోజు కోసమే ఒకటి తెచ్చి, దానికి కూడా పసుపూ కుంకుమా పెట్టింది. లైన్ లైనంతా ఆ చిన్న ఇంట్లో ఇరుక్కుంది. పేర్లు పిలుస్తూ పోయారు. చాలాసేపటికి, పడమటి సముద్రం పక్కన ఎప్పుడూ వాన కురిసే ఒక ఊరి క్లబ్బు వీడి పేరు పిలిచింది. తెర మీద వీడి ఫోటో వచ్చింది. అందరూ ఒకేసారి అరిస్తే బయట కట్టేసిన ఆవు తాడు తెంపుకుంది.

ఆమె మాత్రం నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "అన్నా, ఇంగ వాడు ఆడేది టీవీలో వస్తాదా?"

"వస్తాదమ్మా. ఇంగ మనం వాణ్ణి చూడాలంటే ఆ పెట్టెలో దూరాల్సిందే."

"పాలు పిండే పొద్దూ వాడు ఆడే పొద్దూ ఒగటే అయిపాయ. వాడు ఆడేది ఒగనాడూ చూళ్ళేదు నేను. ఒగసారి చూస్తే చాలు."

ఆమె అడిగింది అంతే.

ఆట ఉన్న రోజు ఆమె ఆవులను తొందరపెట్టి పాలు పిండుకుని టీవీ ముందు కూర్చునేది. నేనూ పోయేవాణ్ణి. కెమెరా ఎప్పుడైనా బెంచీ మీదికి తిరిగితే, చివర్లో, ఆటలోకి దిగనివాళ్ళకిచ్చే ఆకుపచ్చ బనీను తగిలించుకుని కనిపించేవాడు.

"అదో, మావాడు."

"యాడమ్మా? నాకి నీళ్ళ సీసాలే కనబడతా ఉండాయి."

"ఆ సీసాలు ఎత్తుకొనుండేది వాడేన్నా."

నేను నవ్వితే ఆమె కూడా నవ్వేది. ఒకసారి ఆట చివర్లో వాణ్ణి లేపారు. ఆకుపచ్చ బనీను విప్పి గీత పక్కన నిలబడ్డాడు, లోపలికి రావడానికి. ఇక్కడ ఆమె కూడా లేచి నిలబడింది, చేతులు జోడించుకుని. లోపలివాళ్ళు బంతిని బయటికి పోనిస్తే కదా వీణ్ణి పంపేది. పోనివ్వలేదు. ఈల వేశారు, ఆట అయిపోయింది. వాడు వంగి బనీను ఏరుకుని మళ్ళీ తగిలించుకున్నాడు. ఆమె చాలాసేపు నిలబడే ఉంది.

రెండో ఏడాది అయ్యాక క్లబ్బు వద్దంది. ఇంకెవరూ పిలవలేదు. సంచి భుజాన వేసుకుని ఊరిగాంలో దిగాడు. నేను హోటల్లోనే ఉన్నాను.

"ఏమల్లుడా, బెంచీ కాళ్ళు అరిగిపోయినాయని పంపేసినారా?"

వాడు నవ్వాడు. పక్కన కూర్చుని వడ తెప్పించుకున్నాడు. సగం తిని చెప్పాడు.

"ఆడ బంతి ఎగరదు మామా."

"ఎగరకుండా ఏం చేస్తాది?"

"జారిపోతాది. వానకి తడిసిన గడ్డి, పరుపు మాదిరి ఉంటాది. నేను ఎగురుతాదని కాలెత్తుతాను, అది కాలి కిందనే పోతాది. నా కాడికి వచ్చేది ఎగిరి వస్తాదని నిలబడతాను, అది రానే రాదు. ఒగదినం అందరూ నవ్వినారు. రెండో దినం నవ్వలేదు. అదే కష్టమాయ."

"కోచ్ తిట్టినాడా?"

"లేదు మామా, మంచోడు. మొదట్నుంచి నేర్చుకో అన్నాడు. నేర్చుకున్యాను. రెండేండ్లు అదే పని. నేర్చుకునేసరికి వాళ్ళకి వేరేవాళ్ళు దొరికినారు."

ఇంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. కనీసం మా మట్టిదిబ్బ పక్కన వాడు రాజు కదా అనుకున్నాను. ఆ వారమే పిల్లలు వాణ్ణి లాక్కుపోయారు. గోడ మీద నేను. ఎవరో బంతి గట్టిగా పైకి తన్నారు. వాడు పరుగెత్తి, దాని కింద వంగి, పాదం చాపి నిలబడ్డాడు. బంతి రాయి మీద పడి వాడి నెత్తి మీదుగా వెళ్ళిపోయింది. మళ్ళీ తన్నారు. మళ్ళీ అంతే. రెండేళ్ళలో వాడి కాలు గడ్డి నేర్చుకుంది, మా నేలను మరిచిపోయింది. పిల్లలు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ. వాడు నావైపు తిరిగి చూసినప్పుడు ఆపుకున్నాను. ఆ తర్వాత వాడు ఆ స్థలం వైపు పోలేదు.

మా ఊళ్ళో పని లేదు. అందరిలాగే వాడూ బెంగళూరు రైలెక్కాడు. దొరికిన పని కూడా ఎలాంటిదో చూడండి. చుట్టూ వల కట్టి, కింద ప్లాస్టిక్ గడ్డి పరిచిన ఆటస్థలాలు ఉంటాయట అక్కడ. ఆఫీసు పిల్లలు డ్యూటీ అయ్యాక వచ్చి గంటకింత అని కట్టి ఆడుకుంటారు. అలాంటిదానికి గేటు దగ్గర కాపలా. ఖాకీ చొక్కా, మెడలో ఈల.

"మంచిదే గదరా, ఈలన్నా దొరికె" అన్నాను.

"అవును మామా. ఇప్పుడు గంట అయినాక నేను ఊదితేనే ఆట ఆపుతారు."

"బంతి బయట పడితే?"

"తెచ్చిస్తాను."

"తన్నరాదా?"

"చేత్తో ఇస్తాను మామా. తన్నితే అడుగుతారు, ముందు ఆడతా ఉంటివా అని."

అలా ఏళ్ళు గడిచాయి. సంబంధాలు రెండు మూడు వచ్చి తిరిగిపోయాయి. టీవీలో కనబడినాయనే గదా అని వచ్చేవాళ్ళు, కాపలా అని తెలిసి టీ తాగి వెళ్ళేవాళ్ళు. వాడు ఎవరినీ ఏమీ అనలేదు. నేనేమన్నా నవ్వేవాడు. వాణ్ణి ఏడిపించడం నాకు చేతకాలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

వాడు పోయిన రోజు వాళ్ళమ్మ బీరువాలోంచి క్లబ్బు జెర్సీ తీసి వాడి మీద కప్పింది. వీపు మీద నంబరు తళతళలాడుతోంది. ఎక్కడా గడ్డి మరక లేదు, మట్టి మరక లేదు. మడతల గీతలు మాత్రం ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా పెద్ద ఆటగాడన్నారు. ఆమె తల ఊపింది. ఆటగాడని ఆమెకు ఊరే చెప్పాలి, తను చూసింది కాదు.

ఇంక నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను.

మా లైన్ వాలుగా ఉంటుంది. పైన వదిలిన బంతి దానంతట అదే దొర్లుకుంటూ పోయి కింది కొసింటి మెట్టుకు తగులుతుంది. ఆదివారం వాడికి సెలవు. మెట్టు మీద కూర్చుని కాఫీ తాగేవాడు, వాళ్ళమ్మ ఇళ్ళకు పాలు పోయడానికి వెళ్ళి ఉండేది. ప్రతి ఆదివారం మా మనవరాలి రబ్బరు బంతి ఒకటి పోయి ఆ మెట్టుకు తగిలేది. వాడు చేత్తో తీసి పక్కన పెట్టేవాడు. చాలాకాలం అంతే.

ఒక ఆదివారం బంతి తగిలింది. వాడు లైన్ పైకీ కిందికీ చూశాడు. ఎవరూ లేరు. గ్లాసు మెట్టు మీద పెట్టి, రబ్బరు చెప్పుల కాలితోనే తన్నాడు. అది కుళాయి దగ్గరి బండ మీద పడి ఎగిరింది, కాలువ గట్టుకు తగిలి ఎడమకు తిరిగింది, మా గేటు సందులోంచి లోపలికి వచ్చి ఆగింది. ఆ బండ ఏం చెప్తుందో వాడికి తెలిసింది. మళ్ళీ గ్లాసు తీసుకుని కాఫీ తాగాడు. ఆ తర్వాత కూడా, లైన్‌లో పిల్లి కూడా లేదనిపిస్తే తన్నేవాడు. ఒక్క మనిషి కనిపించినా చెయ్యే. అందుకే చూశానని నేను ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా. చెప్తే మానేస్తాడు.

వాడు పోయాక వచ్చిన ఆదివారం కూడా బంతి కిందికి పోయింది. మెట్టుకు తగిలింది. ఆమె బయటికి వచ్చి, వాడిలాగే పైకీ కిందికీ చూసింది.

"యా పిల్లోళ్ళదమ్మా ఇది?"

"ఈ కాలం పిల్లోళ్ళకి బుద్ధి లేదు లేమ్మా" అని మా గేటు లోపలి నుంచి ఒక గొంతు అరిచింది.

ఆమె బంతిని వాడు కూర్చునే చోట పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. దిబ్బ మీద నుంచి గాలి కొడితే బూడిద మట్టి లేస్తుంది. బంతి రంగు ఇప్పుడు తెలియడం లేదు. ఇంకా అక్కడే ఉంది. ఏ పిల్లలూ దాని కోసం పోలేదు.

ఆమెకు చదువు రాదు. ఎవరైనా ఇది చదివి వినిపిస్తే, బండ మీద పడి బంతి ఎడమకు తిరిగిన చోట కాస్త నిదానంగా చదవండి. ఆ తర్వాత ఈ మాట చెప్పండి.

దాన్ని వదిలింది పిల్లోళ్ళు కాదమ్మా. నేనే.